ఎత్తిన చెయ్యి

మార్చి 1

ఈ రోజు నుంచి మా వీధిలో బళ్ళు తిరగవు. పొద్దున్నే రెండు చివర్లా ఇనుప గుంజలు పాతి మధ్యలో గొలుసులు కట్టారు. కార్లు, బస్సులు, లారీలు అన్నీ ఇక వెనక రోడ్డు మీదుగా పోవాలి. ఇక్కడ నడిచేవాళ్ళు మాత్రమే. దీని కోసం మా ఆయన వీధి సంఘం తరఫున రెండేళ్ళు చెప్పులరిగేలా తిరిగారు. సాయంత్రం బాల్కనీలో నిలబడి, తానే కట్టించిన ఇంటిని చూసుకున్నట్టు వీధిని చూసుకున్నారు.

"నాన్నా, చూశారా? హారన్లు లేవు, పొగ లేదు. ఇకనైనా మీరు హాయిగా కునుకు తీయొచ్చు."

మామయ్య గారు టీ గ్లాసు పక్కన పెట్టారు. మా మెట్ల ముందున్న ఈ కూడలిలోనే ఉద్యోగమంతా ట్రాఫిక్ కానిస్టేబుల్‌గా నిలబడిన మనిషి ఆయన. రిటైరయ్యాక కూడా బాల్కనీ కుర్చీలోంచి దీన్నే చూస్తూ కూర్చుంటారు. కిందికి చూస్తూనే అన్నారు.

"రోడ్డు మూశామని మనకి చెప్పారు. వాటికెవరు చెప్పారురా?"

"వేటికి నాన్నా?"

"టీ చల్లారిపోయింది, అమ్మాయ్," అన్నారు నాతో.

వేడి చేసి ఇచ్చాను. ఇంటి ఖర్చుల పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. వృథా పోనివ్వడం ఎందుకని ఇందులో రాస్తున్నాను.

మార్చి 4

బాల్కనీ కటకటాలు తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఇదే మొదటిసారి. ఆయన ఆ గుడ్డకి ఫోటో తీసి సంఘంలో అందరికీ పంపారు.

మార్చి 9

ప్రశాంతంగా ఉంది. వంటింట్లో గరిట కింద పడితే నాకు నేనే ఉలిక్కిపడుతున్నాను.

మార్చి 12

జనం నడి వీధిలోకి రావడం లేదు. వీధంతా వాళ్ళదే అయినా గోడల వెంబడే నడుస్తున్నారు. దాటాల్సి వచ్చినప్పుడు ఆగి, అటూ ఇటూ చూసి, పరుగున దాటుతున్నారు. మొక్కల పనులూ బెంచీల పనులూ చూసే ఒక అధికారి రోజూ వస్తున్నాడు. పొద్దస్తమానం కుండీలు అటు జరిపించి ఇటు జరిపిస్తాడు కాబట్టి అందరూ కుండీల ఆయన అంటున్నారు. పాపం, నడి వీధిలో తానొక్కడే నిలబడి అందరినీ రమ్మని పిలుస్తున్నాడు.

కింద టైలర్ షాపులో జాకెట్ ఇవ్వడానికి వెళ్తే టైలర్ అన్నాడు. "చూశావా అక్కా, తలుపు తీసి పెట్టినా ఎవడూ బయటికి రావట్లేదు. అచ్చం మా పెళ్ళయిన మగాళ్ళలాగే."

నవ్వాను. తిరిగి వచ్చేటప్పుడు నేను కూడా గోడ వెంబడే వచ్చాను.

మార్చి 17

మామయ్య గారు బీరువా అడుగు నుంచి తెల్ల తొడుగులు తీయమన్నారు. డ్యూటీలో వేసుకునేవి, మోచేతుల దాకా వస్తాయి.

"ఉతికి పెట్టు అమ్మాయ్. గంజి గట్టిగా పెట్టు, చెయ్యి నిలబడాలి."

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అవి వేసుకుని కర్ర కూడా లేకుండా మెట్లు దిగారు. పడతారేమోనని నేను బాల్కనీలో నిలబడ్డాను. అంతే, ఇంకెందుకూ కాదు.

కూడలి మధ్యలో కొత్తగా వేసిన రాతి బెంచీ పక్కన నిలబడి కుడి చెయ్యి ఎత్తారు. పిల్లలు పకపకా నవ్వారు. టైలర్ మెడలో టేపుతోనే బయటికొచ్చి సెల్యూట్ కొట్టాడు. అయినా దాటబోతున్న వాళ్ళందరూ ఆగారు. ఆ చెయ్యి లేస్తే కాళ్ళు వాటంతట అవే ఆగుతాయి. రెండు పక్కలా జనం, మధ్యలో ఖాళీ.

అప్పుడు ఆ చివర గుంజల దగ్గరున్న పావురాలు లేచాయి. తర్వాత మందుల షాపు ముందున్నవి లేచాయి. ఆ తర్వాత మా మెట్ల ముందున్నవి. ఒకదాని వెంట ఒకటి, వరసగా, ఈ చివరిదాకా.

మామయ్య గారు చెయ్యి దించారు. జనం దాటారు.

గాలి అయ్యుంటుంది.

మార్చి 18

మళ్ళీ దిగారు.

మార్చి 23

రోజూ దిగుతున్నారు. చెయ్యి ఒకసారి జనం వైపు పెడుతున్నారు, ఒకసారి ఖాళీ వీధి వైపు. తమాషా ఏమిటంటే, ఆయన ఉన్నంతసేపూ జనం భయం లేకుండా నడి వీధిలో నడుస్తున్నారు. ఆయన పైకి రాగానే మళ్ళీ గోడలు పట్టుకుంటున్నారు. కుండీల ఆయన ఇంటికొచ్చి మరీ చెప్పాడు. "మీ పెద్దాయన చేతిలో ఏదో మహత్యం ఉందమ్మా. నేను మూడు వారాలుగా గొంతు చించుకున్నా రాని జనం వస్తున్నారు."

మా ఆయన మాత్రం మొహం గంటు పెట్టుకున్నారు.

మార్చి 27

కటకటాలు తుడిచాను. గుడ్డ నల్లగా వచ్చింది. జిడ్డుగా, పొగ మసి. పాత గుడ్డ అయ్యుంటుందని కొత్తది తీసి మళ్ళీ తుడిచాను.

లారీ పోయినప్పుడల్లా అద్దాల బీరువాలో రెండు గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గణగణమనేవి. ఇందాక గణగణమన్నాయి. వాటి మధ్య గుడ్డ మడిచి పెట్టాను.

ఏప్రిల్ 2

తొడుగులకి గంజి పెడుతుంటే మామయ్య గారు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను మాటవరసకి అడిగాను.

"డ్యూటీలో అందరూ మీ మాట వినేవారా మామయ్య గారూ?"

"నా మాటెవడు వింటాడు! చేతి మాట వినాలి. ఎంత పెద్దవాడి బండైనా ఆగాలి." కాసేపాగి, "ఒక్కదానికి మాత్రం చెయ్యి అడ్డం పెట్టకూడదమ్మా. శవం బండికి. దాని దారి దానికి వదిలేయాలి. అది మా లెక్క."

"అద్దాలు మూసుకుని వస్తే అదేనని ఎలా తెలుస్తుంది?"

"నెమ్మదిగా వస్తుంది. దానికి తొందరేముంటుంది చెప్పు?"

నవ్వారు. నేనూ నవ్వాను. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఈ రోడ్డు దాటాలంటే నాకు ప్రాణం పైకొచ్చేది. సంచి పట్టుకుని అంచున నిలబడిపోయేదాన్ని. ఒకరోజు డ్యూటీలో ఉన్న మామయ్య గారు నన్ను చూసి, రెండు వైపులా చేతులు చాచి బళ్ళన్నీ ఆపేశారు. బస్సులూ లారీలూ అన్నీ. "మా కోడలు దాటుతోంది, ఆగండర్రా!" అని అరిచారు. అంత పెద్ద రోడ్డు మీద నేనొక్కదాన్నే, తల వంచుకుని దాటాను. అంతకుముందు నా కోసం ఎవరూ ఏదీ ఆపలేదు. ఆ తర్వాత కూడా.

ఏప్రిల్ 5

రేపు వీధికి ప్రారంభోత్సవం. పెద్దవాళ్ళు వస్తారు, పత్రికల వాళ్ళు వస్తారు. ఆయన భోజనం దగ్గర మొదలుపెట్టారు.

"రేపు నాన్నని కిందికి దింపకు."

"నేనెవర్ని దింపడానికీ, ఎక్కించడానికీ?"

"ఆయన నీ మాటే వింటారు. బళ్ళు లేని వీధి అని మేం గొప్పలు చెప్పుకుంటుంటే, మధ్యలో ట్రాఫిక్ పోలీసు నిలబడితే నవ్విపోరూ? ఇప్పటికే సంఘంలో అంటున్నారు, మీ నాన్నకి కొంచెం అటూ ఇటూ అయిందా అని."

"అటూ ఇటూ ఏమీ కాలేదు."

"అయితే ఎవరికి చెయ్యి చూపిస్తున్నారు? నువ్వే చెప్పు."

మజ్జిగ పోశాను.

"వృద్ధుల హోమ్ వాళ్ళతో మాట్లాడాను. రేపు గానీ రభస జరిగిందంటే వచ్చే నెలే చేర్పించేస్తాను. ఆపైన నన్ననకు."

హోమ్ ఊరి చివర ఉంది. అక్కడ బాల్కనీలు లేవు. నేను చూశాను.

ఏప్రిల్ 6

తొడుగులు మురికిగా ఉన్నాయని పొద్దున్నే నానబెట్టాను.

ఏప్రిల్ 8

నిన్నంతా ఆస్పత్రిలో ఉన్నాం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొన్న సాయంత్రం మామయ్య గారు తొడుగులు అడిగారు. నీళ్ళలో ఉన్నాయన్నాను. వంటింట్లోకి వచ్చి బకెట్ చూశారు. నన్ను చూశారు. వెళ్ళి బాల్కనీలో కూర్చున్నారు. తొడుగుల్లేకుండా ఆయన దిగరని నాకు తెలుసు. అవే ఇప్పుడు ఆయన యూనిఫాం, యూనిఫాం లేకుండా చెయ్యెత్తకూడదని ఆయనకో నియమం.

తొడుగులు మురికిగానే ఉన్నాయి. నేను ఊరికే తడపలేదు.

కింద ఉపన్యాసాలయ్యాయి. చప్పట్లయ్యాయి. అందరినీ నడి వీధిలో నడవమని మైకులో పిలిచారు. ఎవరూ కదల్లేదు. మా ఆయన టైలర్ భుజం తట్టి, "నువ్వు మొదలుపెట్టు తమ్ముడూ," అన్నారట. టైలర్ రెండు చేతులూ ఊపుకుంటూ, నాటకంలో రాజులా, బెంచీ వైపు నడిచాడు. జనం నవ్వారు.

ఆ చివర పావురాలు లేచాయి.

మామయ్య గారు కుర్చీలోంచి లేచి వట్టి చెయ్యే ఎత్తారు. కానీ రెండో అంతస్తులోని చెయ్యి రోడ్డు మీదికి ఎలా కనిపిస్తుంది? మందుల షాపు ముందు పావురాలు లేచాయి. నా పక్కన కుర్చీ పడింది. కింద టైలర్ పడ్డాడు. పడ్డాడు అనకూడదు. పక్కకి ఎగిరి కుండీకి కొట్టుకున్నాడు. రెండూ ఒకేసారి జరిగాయి. నేను ఎటు చూడాలో తెలియక రెండూ చూశాను.

టైలర్‌కి తుంటి ఎముక విరిగింది. మామయ్య గారికి కుడి పక్క పడిపోయింది. మాట కూడా.

టైలర్‌ని చూసిన డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "ఏ బండి గుద్దింది?"

ఏప్రిల్ 10

టైలర్‌ని చూడ్డానికి వెళ్ళాను. "ఏ బండి అని అందరూ అడుగుతున్నారక్కా. నంబరు చూసుకోలేదని చెప్పాను," అన్నాడు. నవ్వబోయి నొప్పితో ఆగాడు. వాళ్ళావిడ బయటికెళ్ళాక గొంతు తగ్గించాడు. "హారన్ కొట్టింది. నాకు బాగా వినబడింది. నేనే తప్పుకోలేదు."

వాళ్ళావిడ అతని చొక్కా నాకిచ్చింది. ఎంత ఉతికినా మరక వదలడం లేదట, మరకలు వదిలించడంలో నా చెయ్యి మంచిదని. ఇంటికి తెచ్చి చూశాను. గ్రీజు. గ్రీజు మరక నాకు తెలుసు.

ఏప్రిల్ 13

మామయ్య గారిని ఇంటికి తెచ్చాం. ఎడమ చెయ్యి మాత్రం ఆడుతోంది. మంచం బాల్కనీ పక్కకి వేయించమని చేత్తో చూపించారు. ఆయనే, హోమ్ అన్న ఆయనే, మనుషుల్ని పిలిచి మంచం జరిపించి, తల వైపు దిండ్లు ఎత్తు పెట్టారు. కూడలి కనిపిస్తోందా నాన్నా అని రెండుసార్లు అడిగారు.

ఏప్రిల్ 15

వీధిలో ఎవరూ దాటడం లేదు. పాలు పోసే ఆమె ఇవాళ పడింది, మోకాలు చెక్కుకుపోయింది. కాలు జారిందంటోంది.

తొడుగులు ఎప్పుడో ఆరిపోయాయి. గంజి పెట్టి ఇస్త్రీ చేసి మామయ్య గారి మంచం మీద పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలియదు. కుడి చేతి తొడుగు తీసి నా ఒళ్ళోకి తోశారు. ఎడమ చేతిది ఇవ్వలేదు, దిండు కింద దాచుకున్నారు.

ఏప్రిల్ 16

కూరలకి దిగాను. దారిలోనే కదా అని బెంచీ దగ్గర కాసేపు నిలబడ్డాను. తొడుగు వేసుకున్నాను. గాలి లేని సాయంత్రం. ఆ చివర పావురాలు లేచాయి. బాల్కనీలోంచి ఇన్ని రోజులుగా చూసిన చెయ్యే కదా, అలాగే ఎత్తాను.

అరచేతికి వేడి తగిలింది. ఎండలో నిలిపిన బండి మీద చెయ్యి ఆనిస్తే ఎలా ఉంటుందో అలా. ఆగి ఉంది. సన్నగా అదురుతోంది. ఒక ముసలావిడ మనవరాలి వేలు పట్టుకుని దాటింది. చెయ్యి దించి పక్కకి జరిగాను. చీర కుచ్చెళ్ళు ఒక్కసారి ఎగిరి పడ్డాయి.

బండలు పగలంతా ఎండకి కాగి ఉంటాయి. ఆ వేడే.

కూరలు తీసుకోవడం మరిచిపోయి ఇంటికొచ్చాను.

ఏప్రిల్ 22

రోజూ దిగుతున్నాను. ఎవరూ పడలేదు. కుండీల ఆయన, "పెద్దాయన డ్యూటీ మీకొచ్చిందా అమ్మా?" అన్నాడు. వచ్చిందన్నాను.

ఏప్రిల్ 25

వంటింట్లో చేయి కడుక్కుంటుంటే మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. తొడుగు ఆయన చేతిలో ఉంది. ఇప్పుడేమంటారోనని చూశాను.

"వేళయింది కదా. దిగవా?"

తీసుకున్నాను.

"గ్లాసుల మధ్య గుడ్డ నువ్వు పెట్టావా?"

"ఊఁ."

"జాగ్రత్త," అన్నారు.

ఏప్రిల్ 29

మామయ్య గారు నీళ్ళు కూడా మింగలేకపోతున్నారు. డాక్టర్ ఇంటికొచ్చి చూసి, మా ఆయన్ని బయటికి తీసుకెళ్ళి మాట్లాడాడు. నన్ను పిలవలేదు. పిలిస్తే మాత్రం ఏమంటాడు? పెద్ద వయసు, నెమ్మదిగా కోలుకుంటారు. కొత్త దుప్పట్లు రెండు కొన్నాను. చలికాలానికి పనికొస్తాయి మామయ్య గారికి.

మే 1

కోలుకుంటారు.

మే 3

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టు ఉంది. పుస్తకం కూరల సంచిలో ఉండబట్టి సరిపోయింది. బెంచీ మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను. కుడి చెయ్యి దించడానికి లేదు.

దీపాలు పెట్టే వేళ వచ్చింది. ఈసారి పావురాలు ఎగరలేదు. నడుచుకుంటూ పక్కకి జరిగాయి, పెద్దవాళ్ళకి దారిచ్చినట్టు. ఆ చివర జరిగాయి, చాలాసేపటికి మందుల షాపు దగ్గర జరిగాయి. అంత నెమ్మదిగా వచ్చింది. కూడలి దాకా వచ్చి, తిన్నగా పోకుండా, మా మెట్ల వైపు తిరగబోయింది.

లేచి అడ్డంగా నిలబడి చెయ్యి ఎత్తాను. ఆగింది.

గాలి అని రాద్దామనుకున్నాను.

చెయ్యి లాగుతోంది. నిలబడలేక కూర్చున్నాను, చెయ్యి మాత్రం అలాగే ఉంచాను. వేడిగా లేదు ఇది. గోరువెచ్చగా ఉంది, మనిషి ఒంటిలాగా. అదరడం లేదు. విసుక్కోవడమూ లేదు. ఎంతసేపైనా ఉండగలదు. నేనూ ఉండగలను. రాస్తుంటే చేతి నొప్పి తెలియడం లేదు.

కుండీల ఆయన వచ్చాడు. "అమ్మా, ఒంట్లో బాగోలేదా? చెయ్యెందుకలా పెట్టారు? దించండి."

"మీరు దాటి వెళ్ళండి బాబూ," అన్నాను. బెదిరినట్టు చూసి వెళ్ళాడు.

ఆయన బాల్కనీలోంచి పిలిచారు. "నాన్న ఊపిరి ఆగి ఆగి వస్తోంది. పైకి రా."

"రాలేనండీ."

"చాలా కష్టపడుతున్నారే. పోతూ పోతూ మళ్ళీ వెనక్కి వస్తోంది ఊపిరి. చూడలేకపోతున్నాను."

ఊపిరి వస్తోందన్నారు కదా. వస్తున్నంతసేపూ చాలు. ఆ రోజు మామయ్య గారు నా కోసం ఎన్ని బళ్ళు ఆపారు! నేను ఒక్కటే ఆపుతున్నాను. ఒక్కదానికి ఏమవుతుంది?

ఆ ఒక్కదానికే చెయ్యి అడ్డం పెట్టకూడదన్నారు. నాకు గుర్తుంది. తొడుగులు నేనే తడిపాను మామయ్య గారూ. అవి శుభ్రంగానే ఉన్నాయి. ముందురోజే ఉతికాను.

చేతిలో స్పర్శ పోయింది. అయినా దించలేదు.

ఆయన మళ్ళీ పిలిచారు. "ఇటు చూడు. నాన్న చూడు."

వెనక్కి తిరిగి తలెత్తి చూశాను. ఆయన మామయ్య గారిని వెనక నుంచి ఒళ్ళోకి ఆనించి పట్టుకున్నారు. కటకటాల మధ్య నుంచి ఎడమ చెయ్యి బయటికొచ్చింది. దానికి తెల్ల తొడుగు ఉంది. నన్ను పైకి పిలుస్తున్నారనుకున్నాను. ఆ చెయ్యి నన్ను పిలవడం లేదు. నా తల మీదుగా, నేను ఆపిన దాని వైపు ఉంది. చూపుడు వేలి నుంచి మోచేతి దాకా గంజి పెట్టినట్టు నిటారుగా నిలబడింది. తర్వాత మణికట్టు దగ్గర మెల్లగా వంగింది. ఒకసారి. ఇంకోసారి. దారి ఉంది, రా అని. డ్యూటీలో ఉన్నప్పటిలాగే.

అరచేతికి వెచ్చదనం తగలడం ఆగిపోయింది.

మెట్ల దగ్గర పావురాలు పక్కకి జరిగాయి.

మే 15

దినాలన్నీ అయ్యాయి. ఇల్లు కడిగాను. గ్లాసుల మధ్య నుంచి గుడ్డ తీసేశాను. ఇక వాటి చప్పుడు వినబడినా ఫరవాలేదు.

రెండు తొడుగులూ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశాను. నా చేతికి కాస్త వదులుగా ఉన్నాయని అంచులు మడిచి కుట్టాను. టైలర్ చంకకర్రలతో నడుస్తున్నాడట, సాయంత్రం షాపు చూసుకోవడానికి వస్తానని కబురు పెట్టాడు. వీధి దాటాలి కదా అతను.

దిగాలి. వేళయింది.